నెట్‌వర్క్ కాన్ఫిగరేషన్‌కు నిత్య నకలు

ఒక ఆస్పత్రిలోనో, బ్యాంకు శాఖలోనో, ఇంజనీరింగ్ కళాశాలలోనో ఉన్న కంప్యూటర్లు ఒకదానితో ఒకటి సమాచారం ఇచ్చిపుచ్చుకోవాలన్నా, బయటి ఇంటర్నెట్‌ను చేరాలన్నా మధ్యలో ప్రధానంగా మూడు రకాల పరికరాలు పనిచేస్తాయి. ఒకే ప్రాంగణంలోని కంప్యూటర్లను కలిపేది స్విచ్. ఒక నెట్‌వర్క్ నుంచి మరొక నెట్‌వర్క్‌కు దారి చూపేది రౌటర్. లోపలికి ఏది రావచ్చో, బయటికి ఏది పోవచ్చో తేల్చేది ఫైర్‌వాల్. కొత్తగా కొన్నప్పుడు ఈ పరికరాలకు ఆ సంస్థ గురించి ఏమీ తెలియదు. ఏ విభాగాన్ని ఏ పోర్టుకు కలపాలి, ఏ చిరునామాకు వెళ్లే సమాచారాన్ని ఏ లైను మీదుగా పంపాలి, ఎవరిని అనుమతించాలి, ఎవరిని అడ్డుకోవాలి అన్న సూచనలన్నిటినీ నిర్వాహకుడు ఒక్కొక్క పంక్తిగా రాసి ఇస్తేనే అవి పనికివస్తాయి. ఆ సూచనల మొత్తానికే కాన్ఫిగరేషన్ అని పేరు.

పరికరం కాలిపోతే డబ్బు పెట్టి అలాంటిదే మరొకటి తెచ్చుకోవచ్చు గాని, అనేక మంది నిర్వాహకులు ఏళ్ల తరబడి అవసరాన్ని బట్టి చేరుస్తూ, తీసివేస్తూ, సరిదిద్దుతూ తయారుచేసిన కాన్ఫిగరేషన్ ఏ దుకాణంలోనూ దొరకదు. ఒక పెద్ద స్విచ్‌లో అది వేల పంక్తుల వరకు ఉండవచ్చు. వాటిలో కొన్ని పంక్తులు ఎందుకు రాశారో రాసినవారికి తప్ప మరొకరికి తెలియకపోవచ్చు. కనుక ప్రతి పరికరం నుంచి కాన్ఫిగరేషన్‌ను నియమిత కాలంలో బయటకు తీసి, వేరొకచోట భద్రపరచడం, అంటే బ్యాకప్ తీయడం, నెట్‌వర్క్ నిర్వహణలో మొదటి బాధ్యత. ఈ పనిని మనిషి జ్ఞాపకానికి వదలకుండా స్క్రిప్ట్‌కు అప్పగించడం ఎలా సాధ్యమవుతుందో, అలా అప్పగించినంత మాత్రాన బాధ్యత ఎందుకు తీరిపోదో ఈ వ్యాసం వివరిస్తుంది.

రెండు ప్రతులు, రెండు జ్ఞాపకాలు

సిస్కో సంస్థ తయారుచేసే రౌటర్లలో, స్విచ్‌లలో చాలావాటిలో కాన్ఫిగరేషన్ రెండు ప్రతులుగా ఉంటుంది. పరికరం ఈ క్షణాన పాటిస్తున్న సూచనలు రన్నింగ్ కాన్ఫిగ్. అవి కరెంటు ఉన్నంతసేపే నిలిచే మెమరీలో ఉంటాయి. పరికరం ఆగి మళ్లీ మొదలైనప్పుడు చదువుకునేది స్టార్టప్ కాన్ఫిగ్. అది కరెంటు పోయినా చెరగని మెమరీలో ఉంటుంది. మొదటిది పలక మీద రాసిన లెక్క, రెండవది పుస్తకంలోకి ఎక్కించిన లెక్క. నిర్వాహకుడు ఒక మార్పు చేసి, అది పనిచేస్తున్నదని చూసుకొని, భద్రపరిచే ఆదేశం ఇవ్వడం మరచిపోతే ఆ మార్పు పలక మీదే ఉండిపోతుంది. ఆ తరువాత ఎప్పుడో ఒక రాత్రి కరెంటు పోయి వచ్చినప్పుడు పరికరం పాత లెక్కతో మేల్కొంటుంది, నిన్నటిదాకా నడిచిన సేవ ఈరోజు ఎందుకు ఆగిందో ఎవరికీ అంతుపట్టదు. అందువల్ల మంచి స్క్రిప్ట్ ఈ రెండు ప్రతులనూ తీసి, వాటిలో తేడా ఉంటే ఆ సంగతిని కూడా తెలియజేస్తుంది.

జూనిపర్ సంస్థ పరికరాలు మరో పద్ధతిని అనుసరిస్తాయి. వాటిలో మార్పులు ముందు ఒక ముసాయిదాలో చేరి, కమిట్ అనే ఆదేశం ఇచ్చిన తరువాతే అమలులోకి వస్తాయి. ప్రస్తుతం అమలులో ఉన్నదానితో కలిపి 50 కాన్ఫిగరేషన్ల వరకు పరికరమే దాచుకుంటుంది, కోరినప్పుడు వెనుకటిదానికి తిరిగి వెళ్లనిస్తుంది. ఈ ఏర్పాటు ఎంత ఉపయోగకరమైనదైనా బ్యాకప్ అనిపించుకోదు, ఎందుకంటే పరికరమే కాలిపోతే ఆ 50 ప్రతులూ దానితోపాటే పోతాయి. మూలం ఉన్నచోట ఉన్న నకలు మూలానికి వచ్చే ఆపదను తప్పించుకోలేదు.

2018 ఏప్రిల్ నేర్పిన పాఠం

కాన్ఫిగరేషన్ ఒక్కటే పోతే ఏమవుతుందో 2018 ఏప్రిల్ మొదటి వారంలో జరిగిన దాడి స్పష్టంగా చూపింది. సిస్కో స్విచ్‌లలో కొన్నిటిలో స్మార్ట్ ఇన్‌స్టాల్ అనే సదుపాయం ఉంది. కొత్త స్విచ్‌ను మారుమూల కార్యాలయంలో తగిలించగానే అది తన కాన్ఫిగరేషన్‌ను తానే తెచ్చుకోవడానికి ఉద్దేశించిన ఈ సదుపాయం, అడిగేది ఎవరన్నది నిర్ధారించుకోదు. ఇంటర్నెట్‌కు తెరిచి ఉంచిన స్విచ్‌లను వెతికి పట్టుకున్న దాడిదారులు ఈ లోపాన్ని వాడుకొని వాటి స్టార్టప్ కాన్ఫిగ్‌ను చెరిపివేసి, దాని స్థానంలో తమ ఎన్నికలలో జోక్యం చేసుకోవద్దన్న హెచ్చరికను, అమెరికా జెండా బొమ్మను వదిలిపెట్టారు. ప్రపంచవ్యాప్తంగా సుమారు 2 లక్షల పరికరాలు, తమ దేశంలో 3,500 స్విచ్‌లు దెబ్బతిన్నాయని ఇరాన్ సమాచార సాంకేతిక మంత్రిత్వ శాఖ అప్పట్లో ప్రకటించింది.

ఈ సంఘటనలో యంత్రాలు చెడిపోలేదు, తీగలు తెగలేదు. పోయినది కాన్ఫిగరేషన్ అనే పాఠ్యం మాత్రమే. సరైన నకలు చేతిలో ఉన్న నిర్వాహకుడికి ఇది ఫైలును తిరిగి ఎక్కించి, లోపాన్ని మూసివేసే పని. నకలు లేని నిర్వాహకుడికి ఇది ఒక్కొక్క తీగ ఎక్కడికి పోతున్నదో చూసుకుంటూ, జ్ఞాపకం మీద ఆధారపడి నెట్‌వర్క్‌ను మొదటి నుంచి కట్టుకొచ్చే పని. ఒకే దెబ్బ తిన్న ఇద్దరి మధ్య ఇంత అంతరం కలిగించేది ముందురోజు వరకు ఎవరూ పట్టించుకోని ఒక చిన్న ఫైలే.

స్క్రిప్ట్ చేసే పని

పది పరికరాలున్న సంస్థలో ఒక ఉద్యోగి వారానికొకసారి ప్రతిదానిలోనూ లాగిన్ అయి, తెర మీద కనిపించిన కాన్ఫిగరేషన్‌ను ఫైలులోకి ఎత్తి దాచడం సాధ్యమే. కాని పని ఒత్తిడి పెరిగిన వారం, సెలవు వచ్చిన వారం, ఆ ఉద్యోగి బదిలీ అయిన వారం ఆ క్రమం తప్పుతుంది; నెట్‌వర్క్‌లో పెద్ద మార్పులు జరిగేదీ, పొరపాట్లు దొర్లేదీ సరిగ్గా అలాంటి వారాలలోనే. ఎప్పుడూ ఒకే వరుసలో, ఒకే విధంగా జరగవలసిన ఇటువంటి పనికి కావలసిన ఆదేశాలను ఒక ఫైలులో రాసిపెట్టి, కంప్యూటర్ చేత వాటిని వరుసగా నడిపించే ఏర్పాటే స్క్రిప్ట్.

స్క్రిప్ట్‌ను వేళకు మేల్కొలిపేది క్రాన్. 1979లో వెలువడిన యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ ఏడవ సంచికలోనే ఉన్న ఈ సాధనం నేటి లినక్స్ సర్వర్లలోనూ అదే పని చేస్తున్నది. నిమిషం, గంట, తేదీ, నెల, వారం అనే ఐదు అంశాలను ఒక పంక్తిలో రాసి, పక్కన స్క్రిప్ట్ పేరు చేరిస్తే క్రాన్ ఆ వేళకు దానిని నడుపుతుంది. ప్రతిరోజూ తెల్లవారుజామున రెండున్నరకు నకళ్లు తీయాలంటే మొదటి రెండు అంశాలలో 30, 2 అని, మిగిలిన మూడింటిలో నక్షత్ర గుర్తులు రాస్తే సరిపోతుంది. సర్వర్ గడియారం భారతీయ కాలమానంలో ఉన్నదో, దానికంటే ఐదున్నర గంటలు వెనుక ఉండే అంతర్జాతీయ ప్రామాణిక కాలమానంలో ఉన్నదో ముందే చూసుకోకపోతే, రాత్రి జరగవలసిన పని ఉదయం ఎనిమిది గంటలకు జరుగుతుంది.

మేల్కొన్న స్క్రిప్ట్ ముందుగా పరికరాల జాబితాను చదువుతుంది. పేరు, చిరునామా, తయారీదారు రకం అనే మూడు వివరాలు ప్రతి పరికరానికీ అందులో ఉంటాయి. బ్యాకప్ నాణ్యత మొదట ఈ జాబితా నాణ్యత మీద ఆధారపడుతుంది, ఎందుకంటే కొత్తగా కొన్న స్విచ్‌ను జాబితాలో చేర్చడం మరచిపోతే స్క్రిప్ట్ ఎంత చక్కగా నడిచినా ఆ స్విచ్‌కు నకలు ఉండదు, లేదన్న సంగతి కూడా ఎవరికీ తెలియదు. తరువాత స్క్రిప్ట్ ఒక్కొక్క పరికరంలోకి ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా ప్రవేశిస్తుంది. దూరాన ఉన్న యంత్రంతో రహస్య లిపిలో మాట్లాడే ఈ పద్ధతిని 1995లో ఫిన్లాండ్‌లోని హెల్సింకి సాంకేతిక విశ్వవిద్యాలయ పరిశోధకుడు టాటు యులోనెన్ రూపొందించాడు. ఆ విశ్వవిద్యాలయ నెట్‌వర్క్‌లో పాస్‌వర్డ్‌లను దొంగచాటుగా పట్టుకున్న దాడి ఆయనను అందుకు పురికొల్పింది. అంతకుముందు వాడుకలో ఉన్న టెల్‌నెట్ పద్ధతిలో పాస్‌వర్డ్ సైతం బాహాటంగా ప్రయాణిస్తుంది గనుక బ్యాకప్ పనికి దానిని వాడకూడదు.

లాగిన్ అయిన తరువాత ఎదురయ్యే చిక్కు చిన్నదే గాని, కొత్తగా స్క్రిప్ట్ రాసే చాలామందిని ఆపేది అదే. మనిషి చదువుకోవడానికి వీలుగా ఉండాలని పరికరం ఒక తెర నిండగానే ఆగి, మోర్ అనే మాట చూపి, మీట నొక్కితేనే ముందుకు సాగుతుంది. స్క్రిప్ట్ ఆ మీట నొక్కదు గనుక నకలు మొదటి తెరతోనే ఆగిపోతుంది. సిస్కో పరికరాలలో టెర్మినల్ లెంత్ 0 అనే ఆదేశాన్ని ముందుగా ఇస్తే ఈ ఆగడం ఉండదు. ఆ తరువాత షో రన్నింగ్ కాన్ఫిగ్, షో స్టార్టప్ కాన్ఫిగ్ అనే ఆదేశాలు ఇచ్చి, వచ్చిన పాఠ్యమంతటినీ పరికరం పేరుతో ఉన్న ఫైళ్లలో భద్రపరచడంతో ఒక పరికరం పని ముగుస్తుంది.

ఇలా యంత్రం అడిగే ప్రశ్నను గుర్తించి, తగిన జవాబును మనిషికి బదులుగా ఇచ్చే పద్ధతికి బాట వేసినది, అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్‌లో పనిచేసిన డాన్ లిబెస్ 1990లో వెలువరించిన ఎక్స్‌పెక్ట్ అనే సాధనం. దాని ఆధారంగానే 1990ల చివర ర్యాన్సిడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ తయారై, కాన్ఫిగరేషన్ నకళ్లు తీసే పనిలో ఎన్నో నెట్‌వర్క్‌లకు ఆధారమైంది. దాని స్థానాన్ని తీసుకునే ఉద్దేశంతో రూబీ భాషలో రాసిన ఆక్సిడైజ్డ్ తరువాత వచ్చింది. సొంతంగా స్క్రిప్ట్ రాసుకునేవారికి పైథాన్ భాషలో కిర్క్ బయర్స్ రూపొందించిన నెట్‌మికో అందుబాటులో ఉంది. అనేక తయారీదారుల పరికరాల మధ్య ఉన్న భేదాలను, పైన చెప్పిన తెర చిక్కును అది తనలోనే పరిష్కరించుకుంటుంది. ఇవన్నీ ఉచితంగా దొరికేవే కనుక చిన్న కళాశాలకైనా, తాలూకా ఆస్పత్రికైనా ఇందుకు కావలసినది ఒక సాధారణ కంప్యూటరు, దాని మీద కొంత శ్రద్ధ.

నిన్నటికీ నేటికీ తేడా

నకళ్లు పోగవుతున్నకొద్దీ వాటికి మరొక విలువ చేకూరుతుంది. ఈరోజు ప్రతిని నిన్నటి ప్రతితో పంక్తికి పంక్తి పోల్చితే చేరినవి, పోయినవి, మారినవి విడిగా తేలుతాయి. ఈ తేడాను సాంకేతికులు డిఫ్ అంటారు. లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ 2005లో ప్రారంభించిన గిట్ అనే సాధనంలో ఈ ఫైళ్లను ఉంచితే ప్రతి మార్పూ తేదీతో సహా నమోదై, ఒక ఏడాది కింద ఫలానా రోజున ఆ స్విచ్ ఎలా ఉందో కూడా క్షణాలలో చూడవచ్చు. సాయంత్రం దాకా బాగా నడిచిన సేవ మరునాడు ఉదయం ఆగిపోతే, ఈ మధ్యలో ఏమి మారిందన్న ప్రశ్నకు తర్జనభర్జనలు లేకుండా జవాబు దొరుకుతుంది. అనుమతి లేకుండా ఎవరైనా ఫైర్‌వాల్‌లో ఒక ద్వారం తెరిచి ఉంటే అదీ ఆ జాబితాలో కనిపిస్తుంది. నకలుగా మొదలైన ఫైలు ఈ విధంగా నెట్‌వర్క్ చరిత్రగా, నిఘా సాధనంగా కూడా పనిచేస్తుంది.

అయితే ఏ మార్పూ లేని రోజున కూడా కొన్ని పంక్తులు మారుతూ ఉంటాయి. నకలు తీసిన సమయం, కొన్ని పాత సిస్కో పరికరాలలో గడియారపు సవరణను తెలిపే సంఖ్య ఇటువంటివి. వీటిని వడకట్టకపోతే ప్రతిరోజూ ప్రతి పరికరం మారినట్టే నివేదిక వస్తుంది, నెల తిరగకముందే నిర్వాహకుడు ఆ నివేదికలను చదవడం మానేస్తాడు. చదవని నివేదికలో అసలైన హెచ్చరిక ఉన్నా లేనట్టే గనుక, అనవసరమైన పంక్తులను తొలగించడం స్క్రిప్ట్ రచయిత తప్పక చేయవలసిన పని.

నకలుకు కాపలా

కాన్ఫిగరేషన్ ఫైలు చేతికి చిక్కితే నెట్‌వర్క్ పటం మొత్తం చిక్కినట్టే. ఏ చిరునామాలు ఎక్కడ ఉన్నాయి, ఏ దారులు తెరిచి ఉన్నాయి, ఏ నియమాలు లోపభూయిష్టంగా ఉన్నాయి అన్నవన్నీ అందులోనే ఉంటాయి. పాస్‌వర్డ్‌లు కూడా కొన్ని అందులోనే ఉంటాయి. సిస్కో పరికరాలలో ఏడవ రకంగా పేర్కొనే పాస్‌వర్డ్ చూడటానికి అర్థంకాని అక్షరాలుగా కనిపించినా, దానిని క్షణాలలో విప్పగల సాధనాలు ఎవరికైనా దొరుకుతాయి. 2018 ఏప్రిల్‌లోనే అమెరికా, బ్రిటన్ ప్రభుత్వ సంస్థలు కలిసి విడుదల చేసిన హెచ్చరిక, దాడిదారులు రౌటర్ల, స్విచ్‌ల కాన్ఫిగరేషన్ ఫైళ్లను వెలికితీసి వాడుకుంటున్న తీరును వివరించింది.

కనుక నకళ్లు ఉంచే సర్వర్‌కు నెట్‌వర్క్‌లోని అతి ముఖ్యమైన పరికరానికి ఇచ్చినంత రక్షణ ఇవ్వాలి. స్క్రిప్ట్ కోసం ప్రత్యేకంగా ఒక ఖాతా తెరిచి, దానికి కాన్ఫిగరేషన్‌ను చూసే అధికారం మాత్రమే ఇచ్చి, మార్చే అధికారం ఇవ్వకూడదు. ఆ ఖాతా పాస్‌వర్డ్‌ను స్క్రిప్ట్‌లోనే రాయడం చాలా చోట్ల కనిపించే తప్పు. ఆ ఫైలు ఎవరికి చేరితే వారికి అన్ని పరికరాల తాళాలూ చేరినట్టే. దానిని వేరుగా, రహస్య లిపిలో, స్క్రిప్ట్‌కు తప్ప ఇతరులకు అందని చోట ఉంచాలి. ఫైళ్ల రవాణాకు టీఎఫ్‌టీపీ అనే పాత పద్ధతి నేటికీ వాడుకలో ఉన్నా, అందులో పాస్‌వర్డ్ గాని రహస్య లిపి గాని లేవు. ఎస్‌ఎస్‌హెచ్ ఆధారంగా నడిచే ఎస్‌సీపీ, ఎస్‌ఎఫ్‌టీపీ పద్ధతులే తగినవి. ఫైళ్లను ఇంటర్నెట్‌లో అందరికీ కనిపించే గిట్ నిల్వలో ఉంచడం ఏ పరిస్థితిలోనూ తగదు.

మౌనంగా విఫలమయ్యే బ్యాకప్

స్వయంచాలక వ్యవస్థకు ఉన్న అతి పెద్ద ప్రమాదం అది ఆగిపోయినా ఎవరికీ తెలియకపోవడం. పాస్‌వర్డ్ మారడం వల్ల లాగిన్ విఫలం కావచ్చు, డిస్కు నిండిపోవచ్చు, సగంలో లైను తెగి ఫైలు అసంపూర్తిగా మిగలవచ్చు. ఫైలు పేరు, తేదీ సక్రమంగానే ఉంటాయి గనుక పైనుంచి చూసేవారికి అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే సంస్థలో జరిగినది డేటాబేస్‌కు సంబంధించినదే అయినా, దాని పాఠం ఇక్కడికీ వర్తిస్తుంది. ఒక ఇంజనీరు పొరపాటున అసలు డేటాబేస్‌నే చెరిపివేశాడు. బ్యాకప్ కోసం వెతికితే రోజువారీ నకళ్లు జరగడం లేదని అప్పుడు బయటపడింది. నకలు తీసే సాధనం సంచిక, డేటాబేస్ సంచిక వేరు కావడం వల్ల అది ప్రతిసారీ విఫలమైంది. ఆ వైఫల్యాన్ని తెలిపే ఈమెయిళ్లు కూడా సాంకేతిక కారణాల వల్ల తిరస్కృతమై ఎవరికీ చేరలేదు. సుమారు ఆరు గంటల ముందు ఒక ఉద్యోగి వేరే పని కోసం తీసిన ప్రతి ఉండటం వల్ల అప్పటివరకు ఉన్న సమాచారం దక్కింది. ఆ సంస్థ ఈ వివరాలన్నిటినీ దాచకుండా తానే ప్రచురించడం ప్రశంసనీయం.

ఈ ఆపద నుంచి తప్పించుకోవాలంటే స్క్రిప్ట్ ప్రతి ఫైలునూ పరీక్షించి తీరాలి. సిస్కో పరికరం ఇచ్చే పూర్తి కాన్ఫిగరేషన్ ఎండ్ అనే మాటతో ముగుస్తుంది. ఆ మాట లేని ఫైలు అసంపూర్ణమని తేల్చవచ్చు. ఫైలు పరిమాణం నిన్నటిలో సగానికి పడిపోతే అనుమానించాలి. పరికరం అందకపోతే పాత మంచి ప్రతిని చెరిపి దాని స్థానంలో ఖాళీ ఫైలును రాయకూడదు. జాబితాలో ఎన్ని పరికరాలున్నాయి, ఎన్నిటికి సక్రమమైన నకలు వచ్చింది, ఏవి విఫలమయ్యాయి అన్న లెక్క ప్రతి ఉదయం నిర్వాహకుడికి చేరాలి. విఫలమైనప్పుడే కబురు పంపే ఏర్పాటులో కబురు రాకపోవడానికి విజయమూ కారణం కావచ్చు, స్క్రిప్ట్ అసలు నడవకపోవడమూ కారణం కావచ్చు. అందువల్ల విజయాన్ని కూడా తెలపాలి, ఆ నివేదిక రాని రోజును ప్రమాద సూచనగా భావించాలి.

తిరిగి నిలబెట్టడం

నకలు తీయడం సగం పని. దానితో పరికరాన్ని మళ్లీ నడిపించగలగడం మిగిలిన సగం. కాన్ఫిగరేషన్ ఫైలులో లేనివి కొన్ని ఉన్నాయి. భవనంలోని విభాగాలను వేరుచేసే వీల్యాన్ల సమాచారం కొన్ని సిస్కో స్విచ్‌లలో వేరే ఫైలులో ఉంటుంది. రహస్య లిపికి వాడే తాళపు చెవులు సాధారణంగా కాన్ఫిగరేషన్ పాఠ్యంలో కనిపించవు. పరికరం ఏ సంచిక సాఫ్ట్‌వేర్‌తో నడుస్తున్నదో తెలియకపోతే కొత్త పరికరం పాత ఆదేశాలను కొన్నిటిని అంగీకరించకపోవచ్చు. ఈ వివరాలను కూడా స్క్రిప్ట్ చేత సేకరింపజేయాలి.

నకళ్లు ఎక్కడ ఉన్నాయన్నది మరో ముఖ్యమైన ప్రశ్న. 2021 అక్టోబర్ 4న నిర్వహణలో భాగంగా ఇచ్చిన ఒక ఆదేశం వల్ల ఫేస్‌బుక్ డేటా కేంద్రాల మధ్య అనుసంధానం తెగి, ఆ సంస్థ సేవలన్నీ సుమారు ఆరు గంటలు ఆగినప్పుడు, దానిని సరిచేయడానికి ఇంజనీర్లు వాడే లోపలి సాధనాలు కూడా అదే నెట్‌వర్క్ మీద ఆధారపడి ఉండటం వల్ల పనిచేయలేదు. రౌటర్ ఆగితేనే అవసరమయ్యే ఫైలు ఆ రౌటర్ దాటితేగాని అందని చోట ఉంటే, అది ఉన్నా లేనట్టే. అందుచేత కనీసం ఒక ప్రతి వేరే భవనంలోనో వేరే ఊరిలోనో ఉండాలి, మరొకటి నెట్‌వర్క్‌తో నిమిత్తం లేకుండా చేతికి అందేలా ఉండాలి.

యంత్రం అలసిపోకుండా ప్రతి రాత్రీ నకలు తీయగలదు, తేడా చూపగలదు, వైఫల్యాన్ని నివేదించగలదు. ఆ నకలు ఆపదలో పనికివస్తుందా అన్న ప్రశ్నకు మాత్రం మనుషులే ముందుగా జవాబు తెలుసుకోవాలి. కనుక కళాశాలలు, ఆస్పత్రులు, స్థానిక ప్రభుత్వ కార్యాలయాలు, చిన్న పరిశ్రమలు ఈ పనిని ఏదో ఒక ఉద్యోగి అదనపు శ్రమగా వదిలివేయకుండా, బాధ్యుడి పేరుతో సహా లిఖిత నియమంగా చేసుకోవాలి. మూడు నెలలకొకసారైనా వాడకంలో లేని ఒక స్విచ్‌ను తెచ్చి, దాని మీద నకలును ఎక్కించి, అది నడుస్తున్నదో లేదో చూడాలి. ఆ పరీక్షలో నెగ్గిన నకలును మాత్రమే బ్యాకప్ అనుకోవాలి.